సామాన్య కుటుంబమునకు విద్యుత్ కారు

విద్యుత్తుతో నడచు కారు మన దేశమునకు పూర్తిగా క్రొత్తది కాదు. 2001లోనే బెంగుళూరులో తయారైన 'రేవా' అను చిన్న కారు రోడ్డెక్కినది. దాని సీసపు బ్యాటరీని ఒక్కమారు చార్జి చేసినచో సుమారు 80 కిలోమీటర్లు మాత్రమే పోగలిగెడిది. తరువాత వచ్చిన లిథియం బ్యాటరీల వలన ఆ దూరము మూడు నాలుగు రెట్లైనది. ధరయు జీతముపై బ్రతుకు వారు ఆలోచింపదగిన మేరకు దిగివచ్చినది. ఐనను ఏండ్ల తరబడి వాయిదాలు చెల్లింపవలసిన కుటుంబము ప్రకటనలను గాక లెక్కలను చూచి కొనవలెను. అట్టి లెక్కకు ఉపకరించు విషయములను ఇచ్చట వివరింప తలచితిమి.

చవుక కార్లలో మూడింటిని పోల్చి చూతము. 2023లో 7.98 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన ఎం.జి. కామెట్ మూడు మీటర్ల లోపు పొడవు గలది. రెండే తలుపులు, నలుగురికి చోటు. బ్యాటరీలో పట్టు విద్యుత్తు 17.3 యూనిట్లు, కంపెనీ చెప్పిన దూరము 230 కిలోమీటర్లు. ఇరుకు సందులకు ఇది మిక్కిలి అనుకూలము గాని, సామానునకు చోటు స్వల్పము. రహదారులపై నుండు వేగపు డి.సి. చార్జర్లు దీనికి పనికిరావు. 2022లో 8.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన టాటా టియాగోలో ఐదుగురు కూర్చుండవచ్చును. అది 19.2, 24 యూనిట్ల బ్యాటరీలతో, 250, 315 కిలోమీటర్ల లెక్కతో విడుదలైనది, డి.సి. చార్జరు దీనికి పనికివచ్చును. 2024లో 10.99 లక్షల నుండి మొదలైన టాటా పంచ్‌కు విడుదలనాడు 25, 35 యూనిట్ల బ్యాటరీలు ఉండెను. చెప్పిన దూరము 315, 421 కిలోమీటర్లు. ఇవన్నియు విడుదలనాటి షోరూము ధరలు. బీమా మొదలగునవి అదనము.

ఈ దూరములు పరీక్షాశాలలో కొలచినవి. మన ఎండలలో ఎ.సి. వేసికొని, రద్దీలో ఆగుచు పోవు కారు అంత దూరము పోదు. చెప్పిన దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే నమ్ముకొనుట క్షేమము. ఆ లెక్కన 315 అన్నది 210 అగును. దినమునకు ముప్పది, నలుబది కిలోమీటర్లు తిరుగు వారికి అదియు ఎక్కువే.

కావున దూరము కంటె ముందు చూడవలసినది రాత్రి కారు నిలుపు చోటు. ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇచ్చును. 24 యూనిట్ల బ్యాటరీ నిండుటకు ఎనిమిది, తొమ్మిది గంటలు పట్టును. ఆ ప్లగ్గుకు సరియైన ఎర్తింగు, మీటరుపై తగిన లోడు ఉండవలెను. అద్దె ఇంటి వారు యజమాని అనుమతిని ముందే పొందవలెను. ప్లగ్గు లేని ఇంటికి ఈ కారు తెచ్చుట బావి లేని ఇంటికి గిలక తెచ్చుట వంటిది.

ఇక ఆదాయ వ్యయములు. పెట్రోలు కారు కంటె 2 లక్షలు అదనముగా పెట్టితిమనుకొందము. దినమునకు 30 కిలోమీటర్ల చొప్పున 300 దినములకు 9,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు, ధర 100 రూపాయలు అనుకొన్నచో పెట్రోలుకు 60,000. యూనిట్‌కు 7 కిలోమీటర్లు, ధర 9 రూపాయలు అనుకొన్నచో విద్యుత్తుకు సుమారు 11,600. ఏటికి 48,000 మిగులును; నాలుగేండ్లు దాటగానే అదనపు సొమ్ము తిరిగి వచ్చును. బయటి చార్జరులో యూనిట్‌కు 20 రూపాయలైనచో ఆరేండ్లు పట్టును. దినమునకు పది కిలోమీటర్లే తిరుగు వారికి, ఇంటిలో చార్జి చేసినను, పండ్రెండేండ్లు! టియాగో బ్యాటరీకి విడుదలనాడు ఇచ్చిన హామీ ఎనిమిదేండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు మాత్రమే.

దీనిని బట్టి తేలునది ఇది: ఊరిలోనే తిరుగు చిన్న కుటుంబమునకు కామెట్ చాలును. పండుగకో పెండ్లికో హైదరాబాదు నుండి వరంగల్లు వంటి ఊరికి ఐదుగురు పోవలసిన వారికి టియాగో పెద్ద బ్యాటరీ తగినది. తరచుగా దూరము పోవు వారు పంచ్ పెద్ద బ్యాటరీని చూడవచ్చును. తక్కువ తిరుగు వారు, ప్లగ్గు లేని వారు ప్రస్తుతము ఆగుటయే లాభము.

విద్యార్థులారా! రేపు మీ ఇండ్లలో ఈ ప్రస్తావన వచ్చినపుడు పెద్దల ముందు కాగితము, కలము ఉంచి ఈ లెక్కను మీ ఇంటి అంకెలతో వేసి చూపుడు. మీరు నేర్చిన గణితమునకు ఇంతకంటె సార్థకత ఏమి కలదు?