జంతువుల స్వీయలేపనం – కుప్పింట వేరు, పిల్లి ప్రవర్తన

కలుపు మొక్కల పాఠానికై కుప్పింటను వేళ్లతో సహా పెరికి వరండాలో ఉంచినప్పుడల్లా పిల్లి ఒకటి వచ్చి చేరుతుంది. వేరును కొరికి, తలను, బుగ్గలను దానికి రుద్ది, చివరకు దానిపై పొర్లాడుతుంది. విద్యార్థులు నవ్వుకుంటారు. పిల్లికి మత్తెక్కినదని చెప్పి ఊరుకుంటే మాత్రం అసలు ప్రశ్న మిగిలిపోతుంది. పరపదార్థాన్ని ఒంటికి పట్టించుకొనుట వలన జంతువుకు ఒనగూడే ప్రయోజనమేమి?

ఈ ప్రశ్నకు చక్కని సమాధానం జపాన్ నుండి వచ్చినది. అక్కడ మతతాబి అనే తీగ ఉన్నది. అది కివీ పండు ప్రజాతికి చెందినది. దాని ఆకులకు పిల్లులు ఇదే విధంగా స్పందిస్తాయి. ఆకులలోని నెపెటాలాక్టాల్ అనే ఇరిడాయిడ్ ఇందుకు ప్రధాన కారణమని ఇవాటే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రకటించారు. ఆ సమ్మేళనం పట్టించిన కాగితాన్ని నేలపై ఉంచినప్పుడు పిల్లులు ముఖం రుద్ది, పొర్లాడాయి. గోడకు, పైకప్పుకు అతికించినప్పుడు ముఖం రుద్దాయే గాని పొర్లాడలేదు. అనగా ముఖ్యమైనది పొర్లాట కాదు, పూత. అట్లు రుద్దుకొన్న పిల్లుల తలపై ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమలు గణనీయంగా తక్కువ సంఖ్యలో వాలాయి.

మరి మత్తు మాట? అదీ అబద్ధం కాదు. స్పందించిన పిల్లుల రక్తంలో బీటా ఎండార్ఫిన్ పెరిగినది. నలోక్సోన్ ఇచ్చినప్పుడు రుద్దుకోవడం తగ్గినది. సుఖానుభూతి తక్షణ కారణం, దోమల నివారణ పరిణామపరమైన కారణం. పరీక్షా పత్రాలలో ఈ రెండింటిని కలగలిపి వ్రాయుట మన విద్యార్థులకు పరిపాటి.

అయితే పూసుకొన్నదల్లా రక్షణ కొరకేనని భావించుట పొరపాటు. ఉత్తర అమెరికాలోని బ్లూ జే పక్షి చీమను ముక్కున కరచి ఈకలకు రాసి, పిదప తింటుంది. చీమలోని ఫార్మిక్ ఆమ్లం ఈకలలోని పరాన్నజీవులను చంపునని చాలాకాలం చెప్పుకొన్నారు. థామస్ ఐస్నర్, డేనియల్ అనెషాన్స్‌లీ ఆమ్లపు తిత్తి తొలగించిన చీమలను ఇచ్చి చూశారు. పక్షులు ఎక్కువగా వాటిని రాసుకోకుండానే మింగివేశాయి. అక్కడ పూత కనిపించినది గాని, జరిగినది ఆహారం నుండి ఘాటు వదిలించుట.

వెనిజులాలోని కాపుచిన్ కోతుల సంగతి దీనికి భిన్నం. దోమలు ముమ్మరించే వర్షకాలంలో అవి రోకలిబండను పట్టి బొచ్చుకు రుద్దుకుంటాయి. అది స్రవించే బెంజోక్వినోన్‌లు దోమలను, పిడుదులను వికర్షిస్తాయని విడిగా చేసిన ప్రయోగాలు తెలిపాయి. కాని అవే సమ్మేళనాలు విషపూరితం కూడా. ప్రకృతిలో జరుగునదంతా నిరపాయకరమని అనుకొనరాదు.

ఈ హెచ్చరిక కుప్పింటకూ వర్తిస్తుంది. దోమల నివారణకు పశువులకు కుప్పింట ముద్ద పూయమని రైతులకు చెప్పవచ్చునా అని విస్తరణ విభాగపు మిత్రుడొకరు అడిగారు. చెప్పరాదని నా అభిప్రాయం. పిల్లులను ఆకర్షించే ఇరిడాయిడ్‌లను కుప్పింట నుండి వేరుచేసిన మాట నిజమే. అవి మతతాబి సమ్మేళనాల వర్గానికే చెందుతాయి. వర్గం ఒకటైనంత మాత్రాన పనితనం ఒకటి కానక్కరలేదు. పైగా ఈ మొక్కలో అకాలిఫిన్ అనే సయనోజెనిక్ గ్లూకోసైడ్ ఉన్నది. ఒంటికి పూసినదానిని పశువు నాకకుండా ఉండదు.

కాబట్టి మొదట చేయవలసినది ప్రయోగశాలలో. ఆకు సారాన్ని, వేరు సారాన్ని వేరువేరుగా తీసి, ఒక్కొక్కదానిలో సయనైడ్ విడుదలను కొలవాలి; పిదప ద్రావకం మాత్రమే పూసిన తులనా ఉపరితలంతో పోల్చి దోమల వాలకాన్ని లెక్కించాలి. పశువు వంతు ఆ తరువాతనే.