రంగు, బరువు మాటలకు బృంద చర్చలే విరుగుడు

బిడ్డ తెల్లగా పుట్టాలని గర్భిణికి కుంకుమపువ్వు కలిపిన పాలు పట్టే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ పుట్టిన బిడ్డ ఆడపిల్లయి పన్నెండు, పదమూడేళ్ల ప్రాయానికి వచ్చేసరికి నలుపు, పొట్టి, లావు, పీల అన్న మాటలు ఇంట్లో, బడిలో, పేరంటాల్లో చెవిన పడుతూనే ఉంటాయి. అన్నవారు మరచిపోతారు, విన్న బాలిక మాత్రం మరచిపోలేదు. తన రూపం పట్ల ఆమెలో నాటుకునే ఈ అసంతృప్తిని తగ్గించటంలో తోటి బాలికల బృంద చర్చలు సత్ఫలితాలిస్తున్నట్లు పరిశోధనల్లో తేలింది.

ఇది కేవలం అలంకారానికి సంబంధించిన విషయం కాదు. యుక్తవయసు ఆరంభంలో ఎత్తుతోపాటు బరువు పెరగటం, తుంటి భాగంలో కొవ్వు చేరటం సహజ పరిణామాలు. వీటిని లావుగా భ్రమించి పూట భోజనం మానుకునే బాలికలున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల వయసు బాలికల్లో 59 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. అటువంటి వారు తిండి తగ్గిస్తే కలిగే హానిని వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లబడాలన్న తపనతో స్టెరాయిడ్ కలిసిన క్రీములను వైద్యుల సలహా లేకుండా నెలల తరబడి వాడితే చర్మం పలుచబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చే ప్రమాదం ఉంది.

అమెరికా మనస్తత్వవేత్త ఎరిక్ స్టైస్ సహచరులతో కలిసి రూపొందించిన 'బాడీ ప్రాజెక్ట్' ఈ రంగంలో ప్రసిద్ధి పొందింది. నీవు అందంగానే ఉన్నావంటూ సాగే ఉపన్యాసాలు ఇందులో ఉండవు. సన్నగా ఉంటేనే అందమన్న భావన వల్ల కలిగే నష్టాలను బాలికలే చర్చించి చెబుతారు. తమకంటే చిన్న బాలికకు ఆ విషయమై లేఖ రాస్తారు. బృంద నాయకురాలు అన్నం మానేస్తానని నటిస్తే, వద్దని వాదించి ఒప్పిస్తారు. నలుగురి ఎదుట స్వయంగా వాదించిన మాటకు విరుద్ధంగా తలపోయటం మనసుకు ఇబ్బందిగా తోస్తుంది. పాత నమ్మకం సడలేది అక్కడే. తమ రూపంపై అసంతృప్తి ఉన్న బాలికలపై జరిపిన అధ్యయన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆహార సంబంధ మానసిక రుగ్మతలు తలెత్తే ముప్పు మూడేళ్ల తరువాత కూడా తక్కువగా ఉన్నట్లు వాటిలో వెల్లడైంది.

ఈ పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే సరిపోదు. అక్కడి చింత సన్నదనం గురించి, ఇక్కడ దానికి రంగు తోడైంది. వధువు కావలెనన్న ప్రకటనల్లో రంగును సూచించే మాటలు ఎన్ని ఉన్నాయో బాలికల చేతనే లెక్కపెట్టించవచ్చు. ఆ ప్రకటనలను అచ్చువేసే పత్రికలకూ ఈ లెక్క వర్తిస్తుంది. నల్లనివారిని తక్కువవారిగా చూపరాదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం చేసింది. 2020లో ఒక ప్రసిద్ధ క్రీము పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తొలగింది. ఇంటి మాటలు మాత్రం అంత తొందరగా మారేవి కావు.

బృందాలను కొత్తగా కల్పించనవసరం లేదు. 2010లో మొదలైన 'సబల' పథకం కింద అంగన్‌వాడీల్లో 15 నుంచి 25 మంది కిశోర బాలికలతో సమూహాలు ఏర్పడేవి. వారిలో ఒకరు సఖి, ఇద్దరు సహేలీలుగా వ్యవహరించేవారు. ఆ పథకం తరువాత రూపు మారింది. 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమంలోనూ తోటి వయసువారే బోధకులు. ఐరన్ మాత్రలు, రుతుక్రమ పరిశుభ్రతతోపాటు ఈ అంశాన్నీ చేరిస్తే పెద్దగా ఖర్చు కాదు.

నిర్వాహకులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. బరువు తూచిన అంకెను అందరికీ వినబడేలా చదవరాదు. సినీ తారలను ఆదర్శంగా చూపరాదు. తల్లులకు, నాయనమ్మలకు విడిగా ఒక సమావేశమైనా జరపాలి, ఎందుకంటే చాలా మాటలు పుట్టేది అక్కడే. భోజనం పదే పదే మానటం, తిన్నది కావాలని వాంతి చేసుకోవటం, రుతుక్రమం నిలిచిపోవటం కనిపిస్తే చర్చలతో సరిపెట్టక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. మానసిక సహాయానికి 'టెలి మానస్' సేవలు 14416 నంబరులో ఉచితంగా లభిస్తాయి.