మీకు తెలుసా? మోకాళ్లు తిప్పి మొదలెట్టే ఆట

స్పెయిన్ గోల్ఫర్ మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ ఆటకు ముందు చేసే కసరత్తు చూస్తే నవ్వాగదు. నోట్లో సిగార్, వెనక పిలక. కాస్త వంగి, చేతులు మోకాళ్ల మీద ఆన్చి, రెండు మోకాళ్లనూ గుండ్రంగా తిప్పుతాడు. తర్వాత వాటిని లోపలికీ బయటికీ ఆడిస్తాడు. ఆ పైన నడుము వంతు. నవ్వేవాళ్లు నవ్వనీ, 2014లో 50 ఏళ్ల వయసులో స్పానిష్ ఓపెన్ గెలిచి, యూరోపియన్ టూర్‌లో అతి పెద్ద వయసు విజేతగా తన రికార్డును తానే తిరగరాశాడాయన. (సిగార్‌ను మాత్రం అనుకరించకండి.)

ఇంత కసరత్తు ఎందుకంటే, గోల్ఫ్ కర్ర (క్లబ్) పైనుంచి దిగి బంతిని తాకడానికి పట్టేది దాదాపు పావు సెకను. అంతలోనే తుంటి, వెన్ను, భుజాలు ఒకదాని వెంట ఒకటి తిరగాలి. కండరం వేడెక్కితే చురుగ్గా ముడుచుకుంటుంది, కీళ్లు తేలిగ్గా కదులుతాయి. గోల్ఫర్లను ఎక్కువగా వేధించేది నడుం నొప్పే మరి.

ఆస్ట్రేలియాలో వెయ్యిమందికి పైగా గోల్ఫర్లను గమనించిన పరిశోధకులకు సగానికి కాస్త ఎక్కువమందే ఏదో ఒక వార్మప్ చేస్తూ కనిపించారు. అదీ చాలావరకు గాల్లో క్లబ్ ఊపడమే!

ఇంకో తిరకాసు: కదలకుండా నిలబడి కండరాన్ని చాలాసేపు సాగదీసి, వెంటనే కొడితే క్లబ్ వేగం తగ్గవచ్చు. అందుకే చురుకైన నడక, చేతులు తిప్పడం, నడుము మెలిపెట్టడం ముందు, తర్వాత వెడ్జ్ అనే పొట్టి క్లబ్‌తో చిన్న షాట్లు, డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ చిట్టచివర.