ఫోను చెవికి... భారం మెడకి!

పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంటుంది. సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి అమ్మాయి ఫోను. ఒక చేతిలో గరిటె, మరో చేతిలో పోపులపెట్టె. ఇంకేముంది... ఫోను చెవికీ భుజానికీ మధ్యకి చేరిపోతుంది. 'ఆ... చెప్పవే' అంటూ మొదలైన కబుర్లు కూర దించేదాకా సాగుతూనే ఉంటాయి. రాత్రికి మాత్రం మెడ పట్టేసిందంటూ బామ్ సీసా కోసం వెతుకులాట!

వంటింట్లోనే కాదు... ఆఫీసులో కీబోర్డు మీద టైపు చేస్తూ, దుకాణంలో లెక్కలు రాస్తూ, ఆఖరికి బండి నడుపుతూ కూడా తల పక్కకి వాల్చి మాట్లాడేస్తుంటారు చాలామంది.

బరువు ఫోనుది కాదు

'ఫోను బరువెంత? పావుకిలో కూడా ఉండదు కదా!' అనిపించొచ్చు. నిజమే. కానీ అసలు బరువు తలది. పెద్దవాళ్లలో అది దాదాపు 5 కిలోలు ఉంటుంది. తల నిటారుగా ఉన్నప్పుడు మెడలోని 7 వెన్నుపూసలు ఆ బరువును తేలిగ్గానే మోస్తాయి. పక్కకి వంచామా... ఒకవైపు కండరాలు బిగుసుకుంటే రెండోవైపువి సాగిపోతాయి. పైగా ఫోను జారకుండా భుజాన్ని పైకెత్తి ఉంచాలి. ఆ పనంతా మెడ నుంచి భుజందాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరానిదే. అది ఎక్కువసేపు బిగిసే ఉంటే రక్తప్రసరణ తగ్గి అలసిపోతుంది. మెడనొప్పి మొదలయ్యేది అలాగే. కొందరికి అది తల వెనక భాగానికీ పాకుతుంది.

పాత ల్యాండ్‌లైన్ రిసీవరు లావుగా, వంపు తిరిగి ఉండేది. సెల్‌ఫోను పల్చటి పలక. అది జారిపోకుండా ఉండాలంటే మెడను ఇంకాస్త వంచాలి, భుజాన్ని ఇంకాస్త ఎత్తాలి. అంటే ఫోను సన్నబడేకొద్దీ మెడకు శ్రమ పెరిగిందన్నమాట.

చాలా అరుదే అయినా ముప్పు అంతకు మించీ ఉండొచ్చు. సుదీర్ఘంగా ఫోనులో మాట్లాడాక మెడలోని కెరోటిడ్ ధమని గోడ చీలిన ఉదంతమొకటి 1997లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. మెదడుకి రక్తాన్ని తీసుకెళ్లే ధమనుల్లో అదీ ఒకటి.

ఇలా చేసి చూడండి

* చేతిలో పని ఉంటే స్పీకర్ ఆన్ చేసి ఫోను పక్కన పెట్టేయండి. నలుగురిలో ఉన్నప్పుడు ఇయర్‌ఫోన్స్ వాడండి.

* బండి మీద ఉంటే పక్కకి ఆపాకే మాట్లాడండి. ఫోనుని హెల్మెట్‌లో దోపడం ప్రమాదానికి పిలుపే.

* చేత్తో పట్టుకుని మాట్లాడేటప్పుడు అప్పుడప్పుడూ చెవీ చెయ్యీ మార్చండి. మోచేయి మడిచి చాలాసేపు ఉంచితే అక్కడి నరం ఒత్తుకుని చిటికెన, ఉంగరపు వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

* ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తే ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. ఒకే భంగిమలో ఉండిపోకపోవడమే మెడకు సగం మందు.

పట్టేస్తే...

భుజాలను వెనక్కి గుండ్రంగా పదిసార్లు తిప్పండి. తర్వాత భుజం ఎత్తకుండా చెవిని నెమ్మదిగా దానివైపు వాల్చి 15 సెకన్లు ఆగండి. రెండోవైపూ అలాగే. నొప్పి పెరుగుతుంటే ఆపేయాలి. వేడినీళ్ల కాపడం కూడా హాయినిస్తుంది.

నొప్పి చేతిలోకి దిగినా, చెయ్యి మొద్దుబారినా, పట్టు తగ్గినా, రెండు వారాలైనా తగ్గకపోయినా డాక్టరుకి చూపించాలి. ఉన్నట్టుండి చూపు మసకబారినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యీ కాలూ బలహీనపడినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కబుర్లు ఎంతసేపైనా చెప్పుకోండి. తల మాత్రం నిటారుగా ఉంచండి!