గిటార్ పెడల్‌కు ఏ అడాప్టర్? అపోహలు – వాస్తవాలు

క్రిస్మస్ ముందు ఎమ్మిగనూరు నుంచి ఒక తమ్ముడు తన డిస్టార్షన్ పెడల్ పట్టుకొని ఆదోనిలో నా దగ్గరికి వచ్చాడు. చర్చిలో గిటార్ వాయిస్తాడు. నాలుగు స్క్రూలు విప్పి చూస్తే, అడాప్టర్ సాకెట్ పక్కన బియ్యపు గింజంత డయోడ్ నల్లగా మాడి చీలిపోయి ఉంది. ఏ అడాప్టర్ పెట్టావని అడిగాను. "ఇంట్లో వైఫై రూటర్‌ది అన్నా, పిన్ను సరిగ్గా పట్టింది" అన్నాడు.

అపోహ: పిన్ను పడితే అడాప్టర్ సరిపోయినట్టే.

వాస్తవం: పిన్ను కొలత ఒకటే కావచ్చు, లోపల వచ్చే కరెంటు వేరు. చాలా పెడళ్లకు 9 వోల్టుల డీసీ కావాలి, పిన్ను మధ్యలో మైనస్ ఉండాలి. రూటర్ అడాప్టర్లలో ఎక్కువ వాటికి 12 వోల్టులు, మధ్యలో ప్లస్. ప్లస్ మైనస్ తారుమారైతే ఆ దెబ్బ తాను తిని మిగతా సర్క్యూట్‌ను కాపాడటానికే ఆ డయోడ్‌ను పెడతారు. కొత్తది వేశాక పెడల్ మళ్లీ పలికింది. అన్ని పెడళ్లకూ ఈ రక్షణ ఉండదు. పాత జెర్మేనియం ఫజ్ పెడళ్లలో కొన్నింటికి ప్లస్సే ఎర్త్, వాటిని మిగతా పెడళ్లతో ఒకే వైరుకు కలిపితే షార్ట్ అవుతుంది.

అపోహ: మిల్లీఆంపియర్లు ఎక్కువున్న అడాప్టర్ పెడల్‌ను కాల్చేస్తుంది.

వాస్తవం: కాల్చదు. మిద్దె మీద ట్యాంకు పెద్దదైనంత మాత్రాన కుళాయి పగలదు కదా! పెడల్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. చాలకపోతేనే తంటా, డిజిటల్ డిలేలు తడబడేది అప్పుడే.

అపోహ: 9కి బదులు 18 వోల్టులు ఇస్తే మోత పెరుగుతుంది.

వాస్తవం: తయారీదారు ఒప్పుకున్న కొన్ని ఓవర్‌డ్రైవ్ పెడళ్లలో శబ్దం కాస్త విశాలంగా, శుభ్రంగా వస్తుంది. అంతే. లోపల 16 వోల్టుల కండెన్సర్ ఉంటే అది ఉబ్బి పగిలిపోవచ్చు.

అపోహ: ఐసీ మారిస్తే పెడల్ స్వరమే మారిపోతుంది.

వాస్తవం: ట్యూబ్ స్క్రీమర్‌లోని 4558 ఐసీకి ఉన్న పేరు ఇంతా అంతా కాదు. కానీ నా అనుభవంలో చెవికి ఇట్టే తెలిసే మార్పు క్లిప్పింగ్ డయోడ్లదీ, కండెన్సర్లదీ. సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దగ్గరే అలను కోసేస్తుంది. దాని స్థానంలో ఎర్ర ఎల్ఈడీ వేస్తే సుమారు 1.7 దాకా ఆగుతుంది. అందుకే శబ్దం గట్టిగా, విప్పారినట్టు వస్తుంది. తీసిన పార్టు పారేయకండి, కాగితంలో చుట్టి పెడల్ పేరు రాసి దాచుకోండి.

అపోహ: గుయ్యిమంటుంటే పెడల్ చెడిపోయినట్టే.

వాస్తవం: ముందు 9 వోల్టుల బ్యాటరీ మీద వాయించి చూడండి. గుయ్యిమనడం ఆగిందంటే తప్పు పెడల్‌ది కాదు, అడాప్టర్‌ది. లేదా ఒకే అడాప్టర్ నుంచి అన్నింటికీ లాగిన వైరుది. అప్పుడు కావలసింది ఒక్కో పెడల్‌కూ విడివిడిగా కరెంటు ఇచ్చే సప్లై. దానికి ముందు సాల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు.

ఆ శబ్దం పోవడానికి ఆంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవారిని చూశాను. గిటార్ తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. పిన్ను విరిచాక ఆంప్‌లో కరెంటు లీకైతే, చేతిలో గిటార్‌తో మైకుకు పెదవి తగిలిన క్షణంలో ప్రాణం పోవచ్చు. జాతర స్టేజీ అయినా, పెళ్లి పందిరి అయినా ఆ పిన్నును మాత్రం విరవకండి.