చప్టా దాటే ముందు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద దారి తప్పమన్నా తప్పలేం. కంచికచర్ల, కీసర టోల్‌గేటు, నందిగామ, చిల్లకల్లు, జగ్గయ్యపేట, గరికపాడు... వరసగా వస్తూనే ఉంటాయి. చిక్కంతా హైవే దిగాకే. వేదాద్రి నరసింహస్వామిని చూసి, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని, ముక్త్యాల మీదుగా జగ్గయ్యపేట చేరి, తిరుగు ప్రయాణంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దర్శనం చేసుకుని పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలని ఆదివారం పొద్దున్నే కారు తీసే ఆలుమగలు ఎందరో. వాళ్లను కదిలిస్తే గుడి ముచ్చట కన్నా దారి తప్పిన ముచ్చటే ముందు చెబుతారు.

ఈ వైపంతా మెట్టే. మెట్ట ప్రాంతం అనగానే నీళ్లకు కరువనుకుంటాం. కానీ ఈ మెట్టను నిలువునా కోసుకుంటూ ఏళ్లు కృష్ణలోకి దిగుతాయి. పడమట పాలేరు, నడుమ మున్నేరు. ఖమ్మం వైపు నుంచి వచ్చే వైరా, కట్టలేరు నీళ్లు కూడా చివరికి మున్నేటి పాలే. వీటి మధ్య లెక్కలేనన్ని వాగులు. హైవే వీటన్నిటినీ పెద్ద వంతెనల మీద దాటేస్తుంది. పల్లె రోడ్లకు ఆ భాగ్యం లేదు. ఏటి వెంటే చాలా దూరం నడిచి, ఎక్కడో ఒకచోట చప్టా మీదుగా అవతలి గట్టెక్కుతాయి. అవతలి ఊరి గుడి గోపురం కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, అక్కడికి చేరాలంటే మాత్రం చుట్టూ తిరగాలి. ఈ సంగతి తెలియనివాళ్లు దగ్గరిదారి కదా అని డొంకలో దిగుతారు.

పేర్లు ఇంకో తంటా. నందిగామ అని కొడితే షాద్‌నగర్ దగ్గరి నందిగామ కూడా వస్తుంది. కీసర అంటే హైదరాబాద్ పక్కన కీసరగుట్ట ఉన్న కీసర ఎదురవుతుంది. వీరులపాడు మండలంలో జయంతి ఉంది, జగ్గయ్యపేట మండలంలో జయంతిపురం ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇదంతా ఎన్టీఆర్ జిల్లా. ఇక్కడి పెద్దవాళ్ల నోట ఇంకా కృష్ణా జిల్లాయే. ఊరి పేరుతో పాటు మండలం పేరు కూడా చూసుకోకపోతే కారు ఏ రాష్ట్రంలో తేలుతుందో చెప్పలేం.

మా ఇంట్లో స్టీరింగ్ నాది, దారి చూసే పని మా ఆయనది. పత్తి తీతల రోజుల్లో ఒకసారి నందిగామ దాటి మధిర రోడ్డు వైపు వెళ్తుంటే ఫోన్ ఒక అడ్డదారి చూపించింది. కాసేపు తారు, తర్వాత కంకర, ఆ తర్వాత పత్తి చేల నడుమ నల్లరేగడి డొంక. పక్క చేలో పత్తి బోరేలు కుడుతున్న పెద్దాయన మమ్మల్ని చూసి చెయ్యెత్తి ఆపాడు. “అమ్మా, ఇటు పోబాకండి. ముందు వాగు అడ్డమొచ్చుద్ది. మొన్నటి వరదకి చప్టా కోసుకుపోయింది. బండి దిగితే ఎక్కదు. ఎనక్కి పోయి ఏపచెట్టు కాడ ఎడంచేతికి మళ్లండి, రామాలయం వచ్చిందాకా ఎక్కడా తిరగబాకండి” అన్నాడు. మా ఆయన దిగి వెనక నిలబడి చెబుతుంటే, రెండు పక్కలా కాలువలు చూసుకుంటూ కారును అలాగే రివర్సులో బయటికి తెచ్చాను. ఫోన్ మాత్రం ముందుకే పొమ్మంటోంది.

మ్యాప్ తప్పు చెప్పాలని చెప్పదు. ఒక రోడ్డు మీద ఎన్ని ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయన్నది దాని లెక్కలో పెద్ద భాగం. రోజుకు నాలుగు ట్రాక్టర్లు, పది బండ్లు తిరిగే డొంక గురించి దానికి తెలిసేది తక్కువ. నిన్న రాత్రి చప్టా మీద నీళ్లెక్కాయన్న సంగతి ఆ పక్క ఊరివాళ్లకు తెలుస్తుంది, ఉపగ్రహానికి తెలియదు. 2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ విహారానికి వెళ్లిన నలుగురు ఫోన్ చూపిన దారినే నమ్ముకుని, కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర వానకు పొంగిన వాగులోకి కారుతో సహా దిగిపోయారు. అక్కడివాళ్లు ఆదుకోబట్టి ప్రాణాలతో బయటపడ్డారు. కారు మునిగిపోయింది.

మన దగ్గర హైవేనే మునిగిన రోజులున్నాయి. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి, విజయవాడ–హైదరాబాద్ రాకపోకలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న మళ్లీ అదే. ఆసారి గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్క రోడ్డు కూడా కోతకు గురైంది. పెద్ద రోడ్డు గతే అదైతే పల్లె చప్టా సంగతి ఏమిటి? అడుగు లోతు ప్రవాహం చాలు, చిన్న కారు పట్టు తప్పుతుంది. రెండడుగులుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. బురదనీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో చూసి చెప్పగలిగేవాళ్లు లేరు.

దారి తప్పిన కారులో మాట ఎందుకు పెరుగుతుందో నాకు అర్థమైంది ఇది. నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీద, చెప్పేవాళ్ల కళ్లు ఫోన్‌లో. ‘ఇక్కడే, ఇక్కడే’ అనేసరికి మలుపు దాటిపోతుంది. ఆ తర్వాత తప్పెవరిదన్న వాదనలో ఇద్దరూ బయటికి చూడడం మానేస్తారు, వాగు వచ్చేది అప్పుడే. అందుకే మలుపు రెండు ఊళ్ల ముందే చెప్పాలి. నీళ్లు ముందు ఎవరికి కనిపిస్తే వాళ్లు ఆపమనాలి, రెండోవాళ్లు ఎందుకని అడక్కుండా ఆపాలి. అడగడానికి దిగేది ఎవరన్న పంతం అసలు వద్దు. ఈ ప్రాంతంలో దారి అడిగితే విసుక్కునేవాళ్లు నాకు ఎదురుకాలేదు. కొందరైతే బండి మీద ముందు వెళ్తూ మలుపు దాకా చూపించారు.

అడిగేటప్పుడు ఊరి మాటే అడగాలి. జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఎక్కడంటే తెల్లమొహం వేసినవాళ్లే ధనంబోడు అనగానే చెయ్యి చాపి చూపించారు. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన దిబ్బ అదే. మాంధాత చక్రవర్తిని చెక్కిన సున్నపురాతి పలక అక్కడ దొరికింది. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పెనుగంచిప్రోలు వెళ్లేవాళ్లయితే అమ్మవారి ఉత్సవాల సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. తిరుపతమ్మ, ఆమె భర్త గోపయ్యల విగ్రహాలను రెండేళ్లకోసారి రంగులు వేయడానికి జగ్గయ్యపేట తీసుకెళ్తారు. అవి తిరిగి ఊరు చేరేటప్పుడు ఆ దారి పొడవునా జనమే. ఫోన్ చెప్పే నిమిషాల లెక్క ఆ రోజు పనిచేయదు.

చెప్పాల్సింది ప్రభుత్వానికీ ఉంది. మున్నేరు, వైరా, కట్టలేరు మీది ప్రతి చప్టాకూ రెండు గట్ల మీదా అడుగుల గీతలు వేసిన రాళ్లు పాతాలి. కోసుకుపోయిన చప్టా సంగతి వాగు దగ్గర కాదు, మెయిన్ రోడ్డు మలుపులోనే బోర్డు మీద రాయాలి. వానాకాలం మొదలయ్యేలోపు.