మరుగుదొడ్డి అడ్డంకి తొలగింపు

మరుగుదొడ్డి పళ్ళెం నుండి మలజలం క్రిందికి దిగకుండా గొట్టంలో ఏదైనా అడ్డుపడటాన్ని వాడుకలో "జామ్ కావడం" అంటారు. అడ్డంకి పళ్ళేనికి దగ్గరలోనే ఉన్నట్లయితే, పనివారి సహాయం లేకుండానే ఇంటిలోని సాధారణ వస్తువులతో దానిని తొలగించవచ్చు.

నిర్మాణం

పళ్ళెం అడుగున గొట్టం ఆంగ్ల అక్షరం ఎస్ లేదా పి ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. ఈ వంపులో ఎల్లప్పుడూ కొంత నీరు నిలిచి, దుర్వాసన, కీటకాలు పైకి రాకుండా మూతవలె పనిచేస్తుంది. ఎస్ ఆకారపు వంపునకు 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంటు పొందాడు. దుర్వాసనను ఆపే ఈ వంపే వస్తువులు చిక్కుకొనే చోటు కూడా.

కారణాలు

* శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల డైపర్లు, తడి తుడుపు కాగితాలు, గుడ్డపీలికలు. ఇవి నీటిలో కరగవు.
* షాంపూ ప్యాకెట్లు, సబ్బుముక్కలు, వెంట్రుకలు, కొబ్బరిపీచు.
* వంటనూనె, అన్నం వంటి మిగిలిన ఆహారపదార్థాలు.
* తగినంత నీరు పోయకపోవడం.

అడ్డంకి స్థానం గుర్తించడం

ఒక్క మరుగుదొడ్డిలోనే నీరు నిలిస్తే అడ్డు వంపులోనో, దాని సమీపంలోనో ఉన్నదని భావించాలి. అదే గొట్టానికి కలిపిన స్నానాలగది నీరు కూడా దిగకపోతే అడ్డు వెలుపలి చాంబరులో గాని, ప్రధాన గొట్టంలో గాని ఉంటుంది. వర్షాకాలంలో భూగర్భజలం పైకి వచ్చి సెప్టిక్ ట్యాంకు నిండినా ఇదే జరుగుతుంది. ఇటువంటప్పుడు క్రింది పద్ధతులు ఫలించవు.

తొలగించు విధానం

మొదట నీళ్ళు పోయడం ఆపాలి. చేతులకు రబ్బరు తొడుగులు ధరించి, పళ్ళెం నిండి ఉంటే కొంత నీటిని పాత మగ్గుతో తోడివేయాలి.

1. సబ్బు, వేడినీరు: గిన్నెలు తోమే ద్రవసబ్బును అరగ్లాసు పోసి అరగంట ఆగాలి. తరువాత చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడినీటిని అరబకెట్టు, నడుము ఎత్తు నుండి ఒక్కసారిగా పోయాలి. సబ్బు జారుడును, నీటి బరువు ఒత్తిడిని కలిగిస్తాయి. మరుగుతున్న నీరు పోస్తే పింగాణీ పగిలే ప్రమాదం ఉంది.
2. ఒత్తిడి: రబ్బరు గిన్నె అమర్చిన కర్రను (ప్లంజరు) నీటిలో మునిగేటట్లు రంధ్రంపై ఆనించి, పదిహేను ఇరవై సార్లు నొక్కి లాగాలి. నీరు అణగదు కాబట్టి ఒత్తిడి నేరుగా అడ్డంకిని చేరుతుంది. నొక్కడమే కాదు, లాగడం కూడా ముఖ్యం. ప్లంజరు లేనివారు నేల తుడిచే కర్ర చివర గుడ్డలు చుట్టి, పాలిథీన్ సంచి తొడిగి గట్టిగా కట్టి వాడవచ్చు. మన దేశపు పళ్ళేలకు ఇది చక్కగా సరిపోతుంది.
3. తీగ: గుడ్డ, ప్యాడ్ వంటివి చిక్కుకున్నపుడు వాటిని లోపలికి నెట్టరాదు. కొక్కెంలా వంచిన తీగతో పైకి లాగాలి. పింగాణీ గీతలు పడకుండా తీగకు గుడ్డ చుట్టాలి.

వంటసోడా, వినెగర్ కలిపినపుడు వచ్చే పొంగు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. అది పలుచని జిడ్డును కొంత కదిలించగలదు కాని గుడ్డను, ప్లాస్టిక్‌ను కరిగించలేదు.

జాగ్రత్తలు

ఆమ్లంతో తయారైన మరుగుదొడ్డి శుభ్రకాన్ని, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కాస్టిక్ సోడా నీటిలో తీవ్రమైన వేడిని పుట్టిస్తుంది, చర్మాన్ని, కళ్ళను దహిస్తుంది. రసాయనం పోసిన పళ్ళెంలో ప్లంజరు వాడితే ఆ ద్రవం ముఖంపై చిందగలదు.

సెప్టిక్ ట్యాంకు శుభ్రత

పై పద్ధతులు విఫలమైనపుడు సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపరాదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు క్షణాలలో స్పృహ తప్పిస్తుంది. ఎక్కువ మోతాదులో ఉన్నపుడు అది వాసన గ్రహించే శక్తిని కూడా పోగొడుతుంది కాబట్టి ప్రమాదం తెలియదు. పడిపోయినవారిని రక్షించబోయి దిగినవారు కూడా మరణించిన సంఘటనలు అనేకం. రక్షణ సాధనాలు లేకుండా మనుషులచేత మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడం 2013 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఇటువంటి మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించి, 2023లో దానిని 30 లక్షలకు పెంచింది. కనుక యంత్రంతో తోడే వాహనాన్నే పిలిపించాలి.

నివారణ

మరుగుదొడ్డిలో మూతగల చెత్తబుట్టను ఉంచి, ప్యాడ్లను కాగితంలో చుట్టి అందులో వేయాలి. గొట్టంలోనికి మలమూత్రాలు, నీరు తప్ప మరేదీ పోకుండా చూసుకుంటే ఇన్ని ఉపాయాల అవసరమే రాదు.

ఇవి కూడా చూడండి

* మరుగుదొడ్డి
* సెప్టిక్ ట్యాంకు
* పారిశుద్ధ్యం